మా బావ మెలకువ

మా అక్క మొగుడికి తనలో తనకు నచ్చిన గుణం ఒక్కటే ఉంది. తనకు నిద్ర రాదట. సీసాల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా మెషిన్ ఆపరేటరు. ఈ పంతొమ్మిదేళ్లలో డ్యూటీలో ఒక్కసారైనా కన్ను అంటుకోలేదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజున మా నాన్నకూ అదే చెప్పాడు. చెప్పిన పది నిమిషాలకు కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి గుర్రు పెట్టాడు. మా నాన్న "పాపం, డ్యూటీ దిగి వచ్చాడు" అని ఫ్యాను పెంచాడు. ఈ మనిషిని జన్మంతా బావా అని పిలవాలా అని నాకు ఆ రోజే ఒళ్లు మండింది.

నాకు అదే ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. మేనేజరు గది బయట గంటల తరబడి నిలబడి, ఎవరెవరినో బతిమాలి ఇప్పించాడు. ఆ సంగతి ఇంతవరకు నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. అది కూడా గొప్పలు పోవడంలో ఒక రకమే అనుకునేవాణ్ణి.

మా ఫ్యాక్టరీలో కొలిమి ఆరదు. ఒకసారి వెలిగిస్తే ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో రాత్రీ పగలూ మండాల్సిందే. మధ్యలో ఆరితే లోపల కరిగిన గాజు గడ్డకట్టి కొలిమే పనికిరాకుండా పోతుంది. అది ఆరదు కనక మనుషులు మూడు షిఫ్టుల్లో తిరుగుతారు. ఒక వారం పొద్దున ఆరు నుంచి రెండు, పై వారం రెండు నుంచి పది, ఆ పై వారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు. ఒంటికి ఒక వేళ అలవాటయ్యేలోపు ఆ వేళ మారిపోతుంది.

మా బావ పని చెప్పడానికి తేలిక. కరిగిన గాజు ఎర్రటి ముద్దలుగా తెగి పైనుంచి ఇనప అచ్చులో పడుతుంది. అచ్చు మూసుకుంటుంది, గాలి ఊదుతుంది, తెరుచుకుంటుంది, సీసా బయటికొస్తుంది. పావుగంటకోసారి ఆపరేటరు నల్లటి నూనె ముంచిన బ్రష్షుతో అచ్చు లోపల తుడవాలి, లేకపోతే గాజు అంటుకుంటుంది. రూలు ప్రకారం ఆ అచ్చు ఆపి తుడవాలి. ఆపితే సీసాలు తగ్గుతాయి, సీసాలు తగ్గితే పొద్దున్నే మేనేజరు మొహం మాడ్చుకుంటాడు. అందుకని అందరూ మెషిన్ నడుస్తుండగానే తుడుస్తారు. అచ్చు తెరుచుకోగానే బ్రష్షు లోపలికి, మూసుకునేలోపు బయటికి. రెండు సెకన్లు కూడా దొరకవు. బ్రష్షు కొసకీ పట్టుకున్న వేళ్లకీ మధ్య ఉన్నది జానెడు.

ఆ జానెడు దూరమే మా అక్క బెంగ. పెళ్లయిన కొత్తలో పక్క మెషిన్ ఆపరేటరు వాళ్లింటికి వచ్చి టీ గ్లాసు మూడు వేళ్లతో పట్టుకుని తాగాడు. మిగతా రెండూ అచ్చులో పోయాయి. అప్పటినుంచి రాత్రి డ్యూటీ వారం వస్తే అక్కకు గుండె దడ. బావకు మాత్రం నవ్వులాట. "వాడు కునుకుతాడే. నాకు ఆ జబ్బు లేదు" అంటాడు.

ఆ జబ్బు లేని మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో చూడాలి. రాత్రి డ్యూటీ వారంలో వాళ్లింటికి వెళ్లడం కంటే ఆస్పత్రికి వెళ్లడం నయం. కిటికీలకు నల్ల దుప్పట్లు, కాలింగ్ బెల్లుకు ప్లాస్టరు. మిక్సీ వెయ్యకూడదు, కుళాయి పెద్దగా తిప్పకూడదు, మా మేనకోడలు పాఠం పెదవులతోనే చదువుకోవాలి. ఇంత చేసినా ఆయన పడుకునేది మూడు గంటలు. పై వాటాలో ఎవరో కుర్చీ జరిపితే లేస్తాడు. లేచి అందరి మీదా విరుచుకుపడతాడు. ఓసారి టీలో పంచదార అనుకుని ఉప్పు వేసుకుని సగం గ్లాసు తాగేదాకా గమనించలేదు. గమనించాక అక్కను తిట్టాడు, డబ్బాల మీద పేర్లు రాసిపెట్టనందుకు.

ఇక ఆరు గంటల వ్యవహారం ఉంది. నిద్ర లేచి గడియారం చూస్తాడు, ఆరు. పొద్దున ఆరా, సాయంత్రం ఆరా తెలియదు. తెలియదని ఒప్పుకోడు, ఎవర్నీ అడగడు. ఒకసారి సెలవు రోజు సాయంత్రం అలాగే లేచి, మసక వెలుతురు చూసి తెల్లవారిందనుకుని, యూనిఫాం తొడుక్కుని గేటు దాకా వచ్చేశాడు. వాచ్‌మన్ "ఇప్పుడెందుకొచ్చావన్నా?" అంటే, "పొద్దుటి డ్యూటీకి లేటైంది, జరుగు జరుగు" అన్నాడట. మర్నాడు ఫ్యాక్టరీ అంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను, చుట్టరికం ఉందన్న సంగతి ఎవరికీ గుర్తురాకుండా.

"అది నిద్రమత్తు కాదురా, టైం తేడా కొట్టిందంతే" అన్నాడు బావ నాతో.

ఇలాంటి ఫ్యాక్టరీకి పోయినేడాది ఒక నిపుణుడు వచ్చాడు. షిఫ్టు పనివల్ల వచ్చే నిద్రమత్తూ ఒత్తిడీ తగ్గించడం ఆయన వృత్తి. మేం పెట్టిన పేరు నిద్ర డాక్టరు. మెరిసే బూట్లు, చేతిలో ఎర్ర దీపం వెలిగే పుల్ల, గోడ మీద రంగురంగుల గీతలు. కార్మికులకు రెండు గంటల క్లాసు పెట్టాడు. ఎప్పుడంటే, రాత్రి డ్యూటీ దిగినవాళ్లకు పొద్దున ఆరున్నరకు. ఏసీ గది, మెత్తటి కుర్చీలు, దీపాలు ఆర్పేశారు. నిద్రమత్తు ఎంత ప్రమాదమో ఆయన చెబుతుంటే నలభై మంది ఆపరేటర్లు ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. దీపాలు వేశాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చాలా సంతోషించాడు.

వెళుతూ వెళుతూ ఒక ఫారం అంటగట్టాడు. దాని పేరు మెలకువ ఫారం. డ్యూటీలో ఉన్న ప్రతివాడూ రెండు గంటలకోసారి తన మెలకువకు తనే అంకె వేసుకోవాలి. ఒకటి అంటే పూర్తి మెలకువ, తొమ్మిది అంటే నిద్ర ఆపుకోలేని స్థితి. రాత్రి డ్యూటీకి నాలుగు గళ్లు: పది, పన్నెండు, రెండు, నాలుగు. మొదటి వారంలోనే ఒక ఆపరేటరు నిజాయితీగా ఏడు అని రాశాడు. మేనేజరు పిలిచి "తాగుతున్నావా? ఇంట్లో ఏమైనా గొడవలా?" అని అడిగాడు. ఆ తరవాత మా ఫ్యాక్టరీలో ఎవరికీ మూడుకు మించి నిద్ర రాలేదు.

ఫారాలు పొద్దున పదింటికి నా బల్ల మీదికి వస్తాయి. అంకెలు కంప్యూటర్లో ఎక్కించి, కాగితాలు ఫైలు చెయ్యడం నా పని. మొదట్లో వచ్చినవి ముట్టుకోబుద్ధయ్యేది కాదు. నూనె మరకలు, నల్లటి వేలిముద్రలు, అంకె ఏదో మసి ఏదో తెలిసేది కాదు. నాకు చిరాకేసింది. మరక ఉన్న ఫారం తీసుకోనని నోటీసు రాసి, హాజరు వేసే టైమాఫీసు గోడకు అంటించాను. రెండు రోజులు ఫారాలు తిరగ్గొట్టాను కూడా. మూడో రోజునుంచి ఫారాలు మల్లెపువ్వుల్లా వచ్చాయి. మాటకు విలువ ఉండాలంటే ఇలా కచ్చితంగా ఉండాలి అని పొంగిపోయాను.

అవి శుభ్రంగా ఎలా వస్తున్నాయో నాకు తెలియదని చెప్పను. డ్యూటీ ఎక్కిన పది నిమిషాలకు ఆపరేటరు చేతులు మోచేతి దాకా నల్లబడతాయి, మళ్లీ తెల్లబడేది పొద్దున సబ్బు పెట్టాకే. కనక అందరూ రాత్రి పదింటికి, చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే, నాలుగు గళ్లూ ఒకేసారి నింపేసి ఫ్యాక్టరీలో తమకిచ్చిన బీరువాల్లో పెట్టుకుంటున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి తనకెంత నిద్రొస్తుందో ఆపరేటరు రాత్రి పదింటికే రాసేస్తున్నాడు. నాకు తెలుసు, టైమాఫీసుకు తెలుసు. నా బల్ల శుభ్రంగా ఉంది కదా అని ఊరుకున్నాను.

అందరూ ఒకటీ రెండూ మూడూ మార్చి మార్చి వేసేవారు, కాస్త నమ్మేలా ఉండాలని. మా బావకు ఆ మాత్రం తెలివి లేదు. పరువు అడ్డం వచ్చింది. నాలుగు గళ్లలోనూ ఒకటి. రోజూ ఒకటి. నాలుగు నెలలు ఒకటే.

నాలుగు నెలల తరవాత నిద్ర డాక్టరు రిపోర్టు పంపాడు. మూడు వందల మందిలో మెలకువ విషయంలో మొదటివాడు మా బావ. ఇలాంటివాళ్ల శరీరం పుట్టుకతోనే రాత్రి పనికి అనువుగా ఉంటుందని, వాళ్లను షిఫ్టులు మార్చకుండా రాత్రికే ఉంచాలని రాశాడు. మేనేజరుకు ఆ ముక్క తెగ నచ్చింది. మా బావను పర్మనెంటు రాత్రి డ్యూటీకి వేస్తూ ఆర్డరు ఇచ్చి, పక్కన ఒక మెచ్చుకోలు ఉత్తరం జతచేశాడు. రెండూ టైపు చేసింది నేనే.

బుద్ధి ఉన్నవాడైతే లబోదిబోమనేవాడు. మా బావ ఆ ఉత్తరానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి ఫ్యాక్టరీలో తన బీరువా తలుపుకు అంటించాడు. "చూశావా, సైన్సే చెప్పింది" అన్నాడు నాతో. కళ్ల కింద నల్లటి సంచులు వేలాడుతున్నాయి. ఆ మొహం చూస్తే నవ్వూ అసహ్యం కలిసి వచ్చాయి.

ఆర్డరు వచ్చిన మూడో నెలలో అక్క ఫోను చేసింది. మా మేనకోడల్ని పొద్దున డ్యూటీ దిగి వచ్చాక స్కూటరు మీద బడికి దింపేది బావే.

"అది రోజూ వెనక కూర్చుని వాళ్ల నాన్నను ఎక్కాలు అడుగుతోందిరా" అంది అక్క.

"మంచిదేగా, ఆయనకీ రావాలి."

"వెటకారం ఆపు. ఆయన నిద్రపోకుండా ఉండాలని అడుగుతోంది. తప్పు చెబితే వీపు మీద గిల్లుతుందట. నిన్న పదమూడు ఎనిమిదులు ఎంత నాన్నా అంటే 'అవును' అన్నాడట. సిగ్నల్ దగ్గర పచ్చలైటు వచ్చి పోయినా కదల్లేదట. తొమ్మిదేళ్ల పిల్లరా అది."

నేను ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"బండి సంగతి సరే, పిల్లను నేను నడిపించుకు తీసుకెళ్తా. ఆ మెషిన్ దగ్గర ఎవరు గిల్లుతారు? నువ్వు ఆఫీసులో ఉన్నావు. ఆ ఫారాలన్నీ ఉత్తుత్తివని నీకు తెలుసు. ఒక్క మాట చెప్పి పగటి డ్యూటీకి మార్పించు."

"చూస్తానక్కా" అన్నాను.

చూడటమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మేనేజరు దగ్గరికి వెళ్లి ఫారాలు ఉత్తవని చెప్పాలి. ఎందుకు ఉత్తవని అడిగితే నా నోటీసు సంగతి చెప్పాలి. రేపు చూద్దాం, వచ్చేవారం చూద్దాం అనుకుంటూ ఇంకో నెల గడిపాను. ఆ నెలంతా పొద్దున పదింటికల్లా మా బావ ఒకట్లు నా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి.

ఒక పొద్దున నేను ఆఫీసుకు వచ్చేసరికి రిజిస్టరులో రాసి ఉంది: నాలుగూ పది నిమిషాలకు రెండో మెషిన్ అచ్చులో బ్రష్షు ఇరుక్కుని మెషిన్ ఆగింది, నలభై నిమిషాల నష్టం. ఆపరేటరు మా బావ. విరిగిన బ్రష్షు మేనేజరు బల్ల మీద పెట్టారు. కుచ్చు మొత్తం నుజ్జయింది. కర్ర కూడా నలిగి చీలింది. నలగకుండా మిగిలింది బెత్తెడు, సరిగ్గా పిడికిలి పట్టే చోటు.

విచారణ పదకొండింటికి అన్నారు. ఆరింటికి డ్యూటీ దిగిన మనిషిని ఇంటికి పోనివ్వకుండా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. మేనేజరు రాత్రంతా పడుకుని, తొమ్మిదిన్నరకు కార్లో వచ్చి, కాఫీ తాగి, ఫోన్లు మాట్లాడి, పదకొండున్నరకు పిలిచాడు. ఈలోపు అక్క నాకు రెండుసార్లు ఫోను చేసింది.

"నిజం చెప్పమని ఆయనకు ఫోన్లో చెప్పా. నిద్రొచ్చిందనే చెప్పమన్నా. ఒప్పుకున్నాడు. నువ్వూ పక్కనే ఉంటావుగా, ఫారాల సంగతి నువ్వు చెప్పు. చెయ్యి పోయాక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే."

"సరేనక్కా" అన్నాను.

గదిలో మేనేజరు, నేను, బావ. నా చేతిలో ఫైలు. బావ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"కళ్లేంటయ్యా అలా ఉన్నాయి?"

"కొలిమి వేడి సార్."

మేనేజరు నా చేతిలోంచి ఆ రాత్రి ఫారం తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. అంత మొద్దు మనిషికి కూడా ఆ రోజు ఎక్కడో అనుమానం తగిలింది.

"నాలుగింటి గడిలో ఒకటి వేశావు. నాలుగూ పదికి బ్రష్షు ఇరికింది. పూర్తి మెలకువగా ఉన్నవాడికి ఇరుకుతుందా? పైగా కాగితం ఇంత శుభ్రంగా ఉందేంటి? మీ చేతులకు ఎప్పుడూ మసే కదా?" అని నా వైపు తిరిగాడు. "ఫారాలు ముందే నింపిస్తున్నారని నాకు తెలిస్తే మాత్రం, నింపినవాణ్ణి కాదు, నింపించినవాణ్ణి ఇంటికి పంపిస్తా."

చెప్పాల్సిన మాట ఇదే, చెప్పాల్సిన సమయం ఇదే. నేను ఫైలు మీద దారం ముడి సరిచేశాను.

బావ నన్ను చూశాడు. ఎంతసేపో కాదు. తరవాత మేనేజరు వైపు తిరిగి, "చేతులు కడుక్కుని రాశాను సార్" అన్నాడు.

"రెండు గంటలకోసారి కడుక్కునే రాశావా?"

"రెండు గంటలకోసారే సార్."

"మరి నాలుగింటికి నిద్రమత్తు లేదా?"

"లేదు సార్. నాకు నిద్ర రాదు. నా అజాగ్రత్తే."

మేనేజరుకు ప్రాణం కుదుటపడింది. నిద్ర అయితే తప్పు ఎవరిదో వెతకాలి, అజాగ్రత్త అయితే వెతకనక్కర్లేదు. ఒక మెమో ఇచ్చాడు. ఇంత మెలకువ ఉన్న మనిషి కనక ఈసారికి వదిలేస్తున్నానని, రాత్రి డ్యూటీ మాత్రం కొనసాగుతుందని చెప్పాడు. ఆ మెమో కూడా నేనే టైపు చేశాను. తప్పుల్లేకుండా చేశాను.

బావ సంతకం పెట్టి మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్లాను. "ఎందుకలా చెప్పావు? అక్కకు ఫోన్లో ఏం మాటిచ్చావు?" అని అడిగాను. ఆ మాట అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

ఆయన రెయిలింగ్ పట్టుకుని ఆగాడు. ఆవులింత వస్తే చేత్తో మూసుకున్నాడు. "నీ ఉద్యోగం పోతే మీ అక్క పగలంతా ఏడుస్తూ కూర్చుంటుందిరా. ఇక నేను పడుకునేదెప్పుడు?" అని నవ్వాడు. నవ్వి, భుజం తట్టి, స్కూటరు గేటు దాకా నెట్టుకుంటూ పోయాడు. పగలు పన్నెండు దాటింది. మళ్లీ పదింటికి డ్యూటీ.

నేను మెట్ల మీదే ఉన్నాను. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది, పదడుగుల దూరం. పైకి వెళ్లి ఒక్క మాట చెబితే మా బావ చేతులు మా బావకు ఉంటాయి. నా నోటీసు, నా ఫైళ్లు, నా శుభ్రమైన బల్ల, అన్నీ గుర్తొచ్చాయి. భోజనానికి వెళ్లాను.

సాయంత్రం అక్కకు, "ఆలోచిస్తామన్నారు" అని అబద్ధం చెప్పాను. బావ కూడా అదే చెప్పాడట, ఇద్దరం మాట్లాడుకున్నట్టు. ఆ రాత్రి ఆయన డ్యూటీ ఎక్కే వేళకు నేను పడుకున్నాను. నిద్ర పట్టదేమో అనుకున్నాను. పట్టింది, పొద్దున ఏడింటిదాకా. ఇన్నేళ్లలో మా బావను ఎంత అసహ్యించుకున్నానో, ఆ పొద్దున అద్దంలో చూసుకున్నప్పుడు అంత అసహ్యమూ నా మీద నాకు కలిగింది.

రెండు నెలలైంది. ఆయన ఇంకా రాత్రి డ్యూటీలోనే ఉన్నాడు. పొద్దున ఆరున్నరకు తలుపు తీసినప్పుడు మా అక్క ముందు ఆయన మొహం చూడదు, చేతులు చూస్తుంది.